నలభై ఏడో నంబరు రాయి

“ఆపండి దాన్ని! ముందు ఆపండి!”

తలుపు ధడాలున గోడకు కొట్టుకుంది. అనుమతి లేనిదే లోపలికి రాకూడదన్న బోర్డును దాటుకుని ఆవిడ సరాసరి ల్యాబ్ మధ్యకు వచ్చేసింది. యాభై అయిదేళ్లుంటాయి. జుట్టు చెదిరిపోయి ఉంది. వెనకాలే రిసెప్షన్ అమ్మాయి రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది.

“ఎంత చెప్పినా వినలేదు సార్. నన్ను నెట్టేసి వచ్చేశారు.”

సైంటిస్టు కళ్లజోడు పైకి తోసుకున్నాడు. నలభై నిండకుండానే వజ్రాల పరిశోధనలో పేరు తెచ్చుకున్నవాడు. ప్రయోగం మధ్యలో పక్కవాళ్లు తుమ్మినా సహించడు.

“ఎవరమ్మా మీరు? ఇదేమన్నా సంతా?”

“నా రాయేది? నీలిరంగు వజ్రం. పరీక్ష చేసి పెట్టమని మీ కౌంటర్లో ఇచ్చాను. ఇవాళ వచ్చి అడిగితే కాల్చడానికి తీసుకెళ్లారంటోంది ఈ పిల్ల. కాల్చడమేంటి? ఎవరిచ్చారు మీకా హక్కు?”

ఆయన రిజిస్టర్ తిరగేశాడు. నలభై ఏడో నంబరు. ఫ్యాక్టరీలో తయారైన వజ్రం. అలాంటి రాళ్లను తొంభై రోజుల్లోగా ఎవరూ తీసుకెళ్లకపోతే పరిశోధనకు వాడుకోవడం ఆ ల్యాబ్ పద్ధతి. ఫారం అడుగున చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసి ఉంటుంది. దాని కింద ఆవిడ సంతకమూ ఉంది.

“హక్కు మీరే ఇచ్చారు. ఇదిగో సంతకం. మూడు ఉత్తరాలు రాశాం. మూడూ తిరిగొచ్చాయి.”

“ఇల్లు మారాను. ఆ ఇంట్లో ఉండలేకపోయాను.”

“అది మా తప్పా?”

“ఫోన్ నంబర్ రాశాను కదా! ఒక్క ఫోన్ చేస్తే మీ వేళ్లు అరిగిపోతాయా?”

రిసెప్షన్ అమ్మాయి తల దించుకుంది.

ఫర్నేస్ మీద ఎర్రటి అంకెలు అయిదు వందల ఇరవై చూపిస్తున్నాయి. రాయి లోపలే ఉంది. ఎనిమిది వందల డిగ్రీలకు చేరగానే ఆక్సిజన్ దానంతటదే విడుదలవుతుంది. ఆ తర్వాత వజ్రమైనా ఒకటే, బొగ్గుముక్కైనా ఒకటే. కాస్తంత గ్యాస్ తప్ప ఏమీ మిగలదు. ఆయనకు కావలసింది ఆ గ్యాసే.

“చూడమ్మా, అది గనిలో దొరికిన రాయి కాదు. యంత్రంలో చేసింది. దానికోసం ఇంత రాద్ధాంతం అక్కర్లేదు.”

“యంత్రంలో చేసిందని నాకు తెలుసు. నాకు వజ్రమే ఇచ్చారా, గాజుముక్క అంటగట్టారా అన్నదే నా అనుమానం. అందుకే మీ దగ్గరికి తెచ్చాను. నా ఖర్మ!”

“వజ్రమే. అనుమానం తీరిందిగా? అదే సైజులో రెండు ఇప్పిస్తాను. పట్టుకెళ్లండి.”

“రెండిప్పిస్తాడట!” ఆవిడ పళ్లు పటపటా కొరికింది. “పెట్టెడిచ్చినా నాకొద్దు. ఇరవై రెండేళ్లు కంటికి రెప్పలా చూసుకున్నాను. కాల్చడానికి నువ్వెవడివయ్యా?”

ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఇరవై రెండేళ్లా? ఎవరి చెవిలో పూలు పెడుతున్నారు? ఆ రాయిని నేను మైక్రోస్కోప్ కింద చూశాను. అంచు మీద తయారైన సంవత్సరం చెక్కి ఉంది. పోయినేడాది పుట్టిన రాయిని ఇరవై రెండేళ్లు ఎలా చూసుకున్నారండీ?”

ఆవిడ చూపు ఫర్నేస్ మీదికి మళ్లింది.

“పోయినేడాదే,” అంది.

“ఒప్పుకున్నారు, సంతోషం. మీలాంటివాళ్లను రోజూ చూస్తాం. రాయి చేజారిందనగానే దానికో కథ అల్లేస్తారు. ఒకరికి అమ్మమ్మ ఇచ్చింది, ఇంకొకరికి తాతయ్య ఇచ్చాడు. మీ కథ ఇంకా తయారైనట్టు లేదు.”

ఆరు వందల తొంభై.

ఆవిడ ఒక్క ఉదుటున స్విచ్ వైపు దూకింది. ఆయన అడ్డం పడ్డాడు. బల్ల మీదున్న గాజు గొట్టం కిందపడి భళ్లున పగిలింది.

“పిచ్చా మీకు? దగ్గరికెళ్తే చెయ్యి కాలుతుంది!”

“కాలనీ! తప్పుకో!”

“తప్పుకోను! ఏడాదిగా ఎదురుచూస్తున్నానమ్మా ఇలాంటి రాయి కోసం! నలభై ఆరు ఫ్యాక్టరీ రాళ్లు కాల్చాను. ఒక్కదానికీ ఈ నీలిరంగు లేదు. కావాలని ఎవరూ కలపనిదే ఈ రంగునిచ్చే బోరాన్ ఇందులోకి ఇంతగా ఎలా వచ్చిందో అర్థం కావట్లేదు. కార్బన్ ఎక్కడిదని తయారుచేసినవాళ్లను అడిగితే వ్యాపార రహస్యం అన్నారు. కాలిస్తే తప్ప తెలియదు!”

“ఫ్యాక్టరీవాళ్లను అడిగావు. నన్నడిగావా?”

“మిమ్మల్నా?” ఆయన వెటకారంగా నవ్వాడు. “మీకేం తెలుస్తుంది?”

ఏడు వందల అరవై.

రిసెప్షన్ అమ్మాయి ఆవిడ భుజం పట్టుకుని వెనక్కి లాగబోయింది. ఆవిడ విదిలించుకుంది. కాలిపోతున్న ఫర్నేస్ తలుపును అరచేత్తో పట్టుకుంది. చర్మం చుర్రుమంది. అయినా చెయ్యి తియ్యలేదు. ఇంతసేపూ నిప్పులు కురిసిన కళ్లతోనే ఆయన్ని సూటిగా చూసింది.

“వాడి బూడిదతోనే చేయించాను ఆ రాయిని... కన్నకొడుకుని ఎన్నిసార్లు కాల్చమంటావు నాయనా?”