ముందు ఏ పొగ?

"ఆ బుట్టలో కాదు పిన్నీ, ఇందులో ఎయ్యి!" అంటూ దుర్గాభవాని కూర్మమ్మ చెయ్యి పట్టుకుంది.

బరంపురంలోని ఆ వీధి జనమంతా వార్డు ఆఫీసు వరండాలో కూర్చున్నారు. ఎదురుగా మూడు బుట్టలు. ఒకదాని మీద కాలుతున్న చెత్త బొమ్మ, రెండోదాని మీద దుమ్ము రోడ్డు, మూడోదాని మీద మురీలు, అంటే మరమరాలు, వేయించే బట్టీ. గాలి బాగుచెయ్యడానికి ఈ ఏడాది ఒక్క పనే మొదలుపెట్టగలమనీ, ఏది ముందో వీధివాళ్ళే తేల్చాలనీ చెప్పి, మునిసిపాలిటీ నుంచి వచ్చిన సాయిరామ్ ఓటుగా మనిషికో చింతపిక్క పంచాడు.

"బట్టీ మీదే పడ్డావేటే? ఆడి నోటికాడ కూడు తీసీస్తావా?" కూర్మమ్మ గొంతు తగ్గించింది.

బట్టీ నడిపే జగ్గన్న స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. భవాని అటు చూడలేదు.

"అంతా ఆ బట్టీలో కాల్చే ఊక పొగే సార్," అంది సాయిరామ్‌తో. "మా రింకికి ఆరేళ్ళు. ఊపిరి తీస్తే డొక్కలు లోనికెల్లిపోతన్నాయి. ఈ సలికాలం దాటదేమోనని బయ్యం."

"ఈ మనిసికి బయ్యపడ్డవే పని సార్," జగ్గన్న అందుకున్నాడు. "పిల్ల తుమ్మితే పానం పోద్దంటాది. సెత్త కాలిస్తే రాని దగ్గు నా బట్టీకే వచ్చీసిందేటి?"

"అతనితో ముందే మాట్లాడకపోయారా అమ్మా?" అన్నాడు సాయిరామ్.

"సెప్పీ సెప్పీ నోరు పడిపోనాది. ఇనే మనిసి కాడు."

ఎవరో కిసుక్కున నవ్వారు. జగ్గన్న తల తిప్పుకున్నాడు.

పిక్కలు లెక్కపెట్టారు. రోడ్డుకు నాలుగు. చెత్తకు ఇరవై ఒకటి. బట్టీకీ ఇరవై ఒకటే.

"ఇంకొకరు వెయ్యలేదు," అన్నాడు సాయిరామ్.

అందరూ స్తంభం వైపు తిరిగారు.

"ఇంకేటి సూస్తావురా జగ్గన్నా?" వీధివాళ్ళలోంచి అసిరయ్య అరిచాడు. "సెత్తలో పడేసి ఎల్లి బట్టీ ముట్టించుకో!"

భవాని ఒడిలో ఉన్న రింకికి దగ్గు తెర వచ్చింది. ఆగలేదు. భవాని వీపు రాస్తూ, పెదవులు కదుపుతూ, పిల్ల గోళ్ళు నీలంగా మారుతున్నాయేమోనని వెలుతురుకు పట్టి చూసుకుంది.

జగ్గన్న నెమ్మదిగా వచ్చాడు. చెత్త బుట్ట దాటాడు. పిక్కను బట్టీ బుట్టలో వేశాడు.

అసిరయ్య తెరిచిన నోరు మూయలేదు.

"నీ బట్టీకి నువ్వే వేసుకున్నావేమిటయ్యా?" అన్నాడు సాయిరామ్.

రింకి జగ్గన్న వైపు చేతులు చాచి, "నాన్నా, ఎత్తుకో," అంది.