ఆగిన చోటు

“శనివారం దాకా ఆగితే నీ పుస్తకాలు గాల్లో కలిసినట్టే వదినా,” అంది ఆడపడుచు, కంప్యూటర్ ముందుకు కుర్చీ లాక్కుంటూ.

వదిన తల ఎత్తలేదు. కుట్టుమిషను మీద నీలం కర్టెన్ అంచు మడిచి గుండుసూదులు గుచ్చుతోంది.

ఈ-పుస్తకాలు అమ్మే ఆ చిన్న దుకాణం మూతపడుతోంది. పెద్ద దుకాణాల ధాటికి ఆగలేక చేతులెత్తేసింది. శనివారం సాయంత్రంలోగా ఎవరి పుస్తకాలు వాళ్ళు సొంత కంప్యూటర్లోకి దించుకోవాలి. దించుకోగానే ఆ ఖాతా మూసుకుపోతుంది. దించుకోనివాళ్ళకు కొన్నవన్నీ పోయినట్టే. ఈ సంగతి దుకాణం వాళ్ళు మెయిల్ మీద మెయిల్ పెట్టి చెబుతున్నారు. వదిన ప్రతిదీ చదివి ఊరుకుంటోంది.

“శనివారం సాయంత్రమే దించుదాంలే.”

“ఆ రోజు అందరూ ఒక్కసారే ఎగబడతారు. వాళ్ళ సర్వర్ చతికిలబడుతుంది. మా ఆఫీసులో ఇలాంటివి ఎన్ని చూడలేదు!”

ఆడపడుచు బీమా కంపెనీలో కంప్యూటర్లు చూసుకుంటుంది. ఇలాంటి పని కంటపడితే ఆమె చెయ్యి ఊరుకోదు.

“రెండు రోజుల్లో కొంపలేం మునగవు,” అంది వదిన.

“మునిగితే నీ కొంపే మరి.” తెరమీద వరసగా ఉన్న అట్టలు చూసి నవ్వింది. “అన్నీ హత్యలూ, శవాలూనా? వేలికి సూది గుచ్చుకుంటేనే కళ్ళు మూసుకుంటావు, ఇవెలా చదువుతున్నావు తల్లీ?”

వదిన దారం కొరికింది.

పక్కగదిలోంచి అన్నయ్య అందుకున్నాడు. “చదవడమా? పొద్దున లేస్తూనే పొయ్యి కన్నా ముందు ఆ ఫోను వెలిగిస్తుంది. అందులో పుస్తకం తెరిచి అర నిమిషం చూసి మూసేస్తుంది. అలాగైతే ఆ పుస్తకం ఈ జన్మకి తెమలదు. పోయేవాటిని పట్టుకుని వేలాడటం మీ వదినకి అలవాటేగా. పోతే పోనీ.”

“నువ్వూరుకో అన్నయ్యా. కొనుక్కున్నవి ఎందుకు పోవాలి?”

వీధిలో హారన్ మోగింది. వదిన కర్టెన్లు కుట్టిచ్చే షాపు వాళ్ళ వ్యాన్ వచ్చింది. వదిన మూట భుజానికెత్తుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

“నువ్వేం ముట్టుకోకు. నేనొచ్చాక చూద్దాం.”

“సరే సరే,” అంది ఆడపడుచు, తెర మీంచి చూపు తిప్పకుండా.

కింద కాస్త ఆలస్యమైంది. ఒక కర్టెన్ రెండు వేళ్ళు పొట్టిగా ఉందని డ్రైవర్ పేచీ పెట్టాడు. వదిన వ్యాన్ తలుపు దగ్గరే టేపు పరిచి, కొలిచి చూపించి ఒప్పించింది. పైకి వచ్చేసరికి ఆడపడుచు చేతులు దులుపుకుంటోంది.

“నువ్వొస్తే మళ్ళీ శనివారం అంటావని కానిచ్చేశాను. కంప్యూటర్లో ఒకటి, హార్డ్ డిస్కులో ఒకటి, ఈ పెన్ డ్రైవ్‌లో ఇంకోటి. ఇక పిడుగు పడ్డా నీ పుస్తకాలకి ఢోకా లేదు. కాఫీ పెట్టు.”

వదిన గుమ్మంలోనే నిలబడిపోయింది. “ఖాతా?”

“మూసుకుపోయింది. అలాగని రాశారుగా.”

“మళ్ళీ తెరిపించలేమా? వాళ్ళకి ఫోన్ చేస్తే?”

“దేనికి? ఒక్క పుస్తకం తగ్గినా నన్నడుగు. నువ్వు రోజూ తెరిచేది ఇదేగా?”

లావుపాటి పుస్తకం ఒకటి తెరిచింది. అట్ట వచ్చింది. తర్వాత మొదటి పేజీ.

“మొదటికి వచ్చిందేం?” వదిన తెర దగ్గరికి వచ్చి వంగి చూసింది.

“ఆగిన చోట ఉండే గుర్తు దుకాణం వాళ్ళ దగ్గరుండేది. అందుకే అదే ఖాతాతో ఏ ఊళ్ళో, ఎవరి ఫోన్లో తెరిచినా అక్కడే తెరుచుకునేది. పుస్తకంతోపాటు అది రాదు. దానికేముంది? ఎందాకా వచ్చావో చెప్పు, పెట్టేస్తా.”

“నిన్న పడవ మునిగిన చోట ఉంది,” అంది వదిన మెల్లగా. “ఇవాళ పొద్దున వంటవాణ్ణి పట్టుకున్నారు.”

“మరింకేం. తర్వాత ఏమైందో రేపు చూసుకో.”

“రేపు,” అని వదిన కర్టెన్ గుడ్డల మీదే కూలబడింది.

ఆ పుస్తకంలో ఆమె ఏనాడూ ఒక్క పేజీ తిప్పలేదు. తండ్రితో పోట్లాడి, ఎక్కడికో చెప్పకుండా ఇల్లు వదిలి వెళ్ళిన కూతురు అదే ఖాతాతో చదువుకుంటూ, రోజూ పొద్దుటికల్లా ఆ గుర్తును నాలుగు పేజీలు ముందుకు జరుపుతూ ఉండేది.