పక్క సీటు మనిషి

తెర మీద గూఢచారి వంటవాడి వేషంలో దూరి, విలన్ తినబోయే పాయసంలో విరేచనాల మాత్ర కలిపాడు. హాలంతా ఈలలు వేసింది.

సిద్దికా మాత్రం నవ్వలేదు. అంచు సీట్లో కూర్చున్న మామ హయాత్ ముఖంలోకి భయంగా చూసింది.

పేగు ఆపరేషన్ చేసిన డాక్టర్లు ఆయన పొట్టకు ఒక సంచి అమర్చారు. ఇక జీవితాంతం మలం పోయేది దాన్లోకే.

ఇంటికి వచ్చింది మొదలు ఆయన గడప దాటలేదు. సత్తెనపల్లి బజార్లోని పరుపుల కొట్టు కొడుక్కి వదిలేశాడు. శుక్రవారం నమాజుకు వెళ్లడమూ మానేశాడు. వరసలో భుజానికి భుజం ఆనించి నిలబడాలి, పక్కవాడికి వాసన తగిలితే ఇంకేమన్నా ఉందా అంటాడు.

ఒక్కసారి జనం మధ్య కూర్చోబెట్టమని, ఆ తర్వాత ఆయనే తిరుగుతాడని ఆస్పత్రి నర్సు హెలెన్ పట్టుబట్టింది. ఈ మ్యాట్నీకి టికెట్లు కూడా తనే బుక్ చేసి ఫోనుకు పంపింది.

ఇలాంటి సినిమా అని తెలిస్తే సిద్దికా ఆయన్ని తీసుకొచ్చేది కాదు.

ఆమెకు రెండో పక్కన ఎవరో పొలం మనిషి కూర్చున్నాడు. కండువాలోంచి మిరపకాయల ఘాటు వస్తోంది. వచ్చేటప్పుడే, పెద్దాయన్ని తన పక్కన కూర్చోబెట్టమన్నాడు. బాత్‌రూమ్‌కి వెళ్లాల్సొస్తే అంచు సీటే మేలని సిద్దికా ఒప్పుకోలేదు. ఆయన మరి అడగలేదు.

తెర మీద విలన్ పొట్ట పట్టుకుని పరుగెత్తాడు. ఏ తలుపు తట్టినా లోపల ఎవరో ఒకరు ఉన్నారు. అతని కడుపులోంచి వచ్చే చప్పుళ్లకు జనం సీట్లలో నిలవడం లేదు.

హయాత్ నవ్వాడు.

మొదట మీసం కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా, పొట్ట అదిరిపోయేదాకా నవ్వాడు.

ఆయన నవ్వు విని ఎన్నాళ్లయిందో. సిద్దికా కూడా నవ్వేసింది. వచ్చే శుక్రవారం మసీదుకు వెళ్తాడేమో అనుకుంది.

అప్పుడే వాసన వచ్చింది.

అందరికంటే ముందు ఆమే గుర్తుపట్టింది. సంచి అంచు వదులైంది. హయాత్ నవ్వు సగంలో ఆగిపోయింది. అరచేయి చొక్కా మీద బిగుసుకుపోయింది.

"ఒరేయ్, ఈ హాల్లో వాసన కూడా చూపిస్తన్నార్రా" అని వెనక వరసలో ఎవరో అరిచారు.

మళ్లీ నవ్వులు. ఆ తర్వాత విసుగులు. ఒకతను లేచి, ఫోను లైటు వేసి ఒక్కొక్క ముఖం మీదా తిప్పుతున్నాడు. ఎవరో చెప్పేస్తే పోతుంది కదా, సిగ్గెందుకంటున్నాడు.

వెలుతురు వాళ్ల వరసకు వచ్చింది.

సిద్దికా పైట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పక్క సీటు మనిషికి ఎడంగా, మామ వైపు జరిగింది.

అంతే.

లైటు ఆ మనిషి ముఖం మీద ఆగింది.

ఆయన సిద్దికాను చూశాడు. ఆమెను దాటి, హయాత్ పొట్ట మీది చేతిని చూశాడు. ఆ చేతినే కాసేపు చూసి లేచాడు.

"నేనేనండి. కడుపు బాగాలేదు. ఏమీ అనుకోకండి."

"ఏం బాబాయ్, ఆ పాయసం నువ్వూ తిన్నావా?"

విలన్‌ను చూసి నవ్విన దానికంటే ఎక్కువ నవ్వారు. ఆయన వాళ్లను దాటిపోతూ భుజం మీది కండువా హయాత్ ఒడిలో జారవిడిచాడు.

"లైట్లు వెయ్యకముందే బయటికి తీసుకెళ్లమ్మా" అన్నాడు, ఆమెకు మాత్రమే వినపడేట్టు.

తలుపు దాకా ఈలలు ఆయన వెంట పోయాయి.

ఇంటికొచ్చాక హయాత్ చాలాసేపు స్నానం చేశాడు. అన్నం వద్దన్నాడు.

"నువ్వు చూపించావు. నేను ఊరుకున్నాను" అన్నాడు చివరికి. "ఆయన ఎవరో ఏమో, నా బదులు లేచి పోయాడు. ఇంక నన్ను ఎక్కడికీ రమ్మనబాకమ్మా."

సిద్దికా తల ఎత్తలేకపోయింది. మామను కాపాడుకోవాలనే అలా చేశానని చెప్పుకోవచ్చు. లైటు తన ముఖం మీద పడుతుందన్న భయం కూడా అందులో ఉందని ఆమెకు తెలుసు.

సాయంత్రం హెలెన్ ఫోన్ చేసింది. ఎట్లా జరిగిందని ఆత్రంగా అడిగింది.

"బాగానే జరిగింది సిస్టర్" అంది సిద్దికా.

"మీ పక్క సీటాయన ఇంటర్వెల్‌లో మాట్లాడాడా? దర్శి నుంచి చెంచయ్య గారు. ఆ టికెట్టూ నేనే తీశాను. ముందే చెబితే మీ మామయ్య రాడని చెప్పలేదు."



"ఆయన దేనికి వచ్చాడు సిస్టర్?"

"మీ మామయ్యకు తన సంచి చూపించి ధైర్యం చెబుదామని. ఏళ్ల తరబడి దాంతోనే మిరప చేలో పని చేసుకుంటూ, పెళ్లిళ్లకూ సినిమాలకూ తిరుగుతూ, ఇంతవరకూ ఎవరి ముందూ తల దించుకోని మనిషమ్మా ఆయన" అంది హెలెన్.