ఎర్ర రిబ్బను

"సిస్టరమ్మా! సచ్చిపోతన్నానమ్మా! ముందు నన్ను సూడు!"

గంగులు అరుపుకి కిటికీ మీది కాకి లేచిపోయింది. అతనికొచ్చిన కష్టమల్లా అరికాల్లో దిగిన చేపముల్లు. అరుపు మాత్రం ప్రాణం పోతున్నవాడిది. అతన్ని చూసి పక్క మంచం, దాన్ని చూసి ఆ పక్క మంచం అందుకున్నాయి. మగవాళ్ళ వార్డులో నలభై మంచాలు, నలభై నోళ్ళు, నర్సు మాత్రం ఒక్కతే. పేరు యమున. ఉండాల్సిన మిగతా ఇద్దరిలో ఒకామె బదిలీ అయింది, ఒకామె కాన్పుకి వెళ్ళింది. వాళ్ళ కుర్చీలు మాత్రం పాపం రోజూ డ్యూటీకి వస్తున్నాయి.

ఈ వార్డుకి రెండో నర్సు కావాలో అక్కర్లేదో తేల్చడానికి ఇవాళ పదకొండింటికి జిల్లా నుంచి ధనరాజుగారు తనిఖీకి వస్తున్నారు. అర్జీలు రాసి రాసి యమున చెయ్యి పడిపోయింది. తాను ఒక మంచం దగ్గరుండగా ఇంకో మంచం మీద ఎవరి ప్రాణం పోతుందోనని ఆమెకి భయం. ఆ భయంతో ఆర్నెల్లుగా అన్నం సయించడం లేదు.

"మా మావకి ముందు సూది ఎయ్యమ్మా!" గంగులు పెళ్ళాం చిన్నతల్లి వచ్చి ఆమె చెయ్యి పట్టుకు లాగింది.

యమునకి ఒళ్ళు మండింది. బల్ల సొరుగులోంచి రిబ్బన్ల చుట్టలు తీసి వార్డు మధ్యలో నిలబడింది.

"అందరూ ఇనండి! ఎర్ర రిబ్బను కట్టినోళ్ళని ముందు సూస్తాను. తర్వాత పసుపోళ్ళని. ఆకుపచ్చ రిబ్బనోళ్ళు ఆగాల. అరిసేవోళ్ళకి ఊపిరి బాగానే ఆడతన్నాది, ఆళ్ళకేటీ తొందర లేదు. మాటా పలుకూ లేనోళ్ళకే ఎర్రది!"

అంటూనే గంగులు చేతికి పచ్చ రిబ్బను కట్టేసింది.

"పచ్చదా! మా మావకా!" చిన్నతల్లి గుండెలు బాదుకుంది. "ఊళ్ళో తెలిస్తే మా పరువేటౌతాది?"

గంగులు ఒక్క క్షణం ఆలోచించాడు. ఠక్కున నోరు మూశాడు. కళ్ళు తేలేసి, నాలుక కాస్త బయట పెట్టాడు.

"ఓలమ్మో! మా మావకి మాట పడిపోనాది! ఎర్రది కట్టమ్మా!"

ఇంకేముంది! పక్క మంచం ఎర్రన్న మూలుగుని సగంలో ఆపి బిర్రబిగుసుకుపోయాడు. ఆ పక్కవాడు దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. నిమిషం తిరక్కుండా వార్డు వార్డంతా చడీచప్పుడు లేకుండా పడుకుంది.

యమున ఒక్కో మంచం వైపూ చూసింది. నలభై మందిలో నిజంగా పడిపోయినవాడు ఎవడైనా ఉంటే ఎలా తెలిసేది? ఒక్కొక్కరి నాడీ పట్టుకుంటూ పోతే గంట పడుతుంది.

సరిగ్గా అప్పుడే ధనరాజుగారు లోపలికొచ్చారు.

"శభాష్! మొన్న అరసవల్లి గుళ్ళో కూడా ఇంత ప్రశాంతత లేదమ్మా."

"నాటకం సార్! అంతా నాటకం ఆడుతున్నారు! ఇందులో ఎవరో ఒకరు నిజంగా..."

ఆయన అప్పటికే జేబులోంచి పెన్ను తీసి రాసుకుంటున్నారు.

యమున మంచాల వైపు తిరిగింది. అందరూ సముద్రపు ఒడ్డు ఊళ్ళవాళ్ళే. ఆమె పుట్టిందీ వలలు లాగేవాళ్ళ ఇంట్లోనే. ఒడ్డున ఒకడు పాట ఎత్తితే రెండో వాడు పలక్కుండా ఉండడు. ఉందామనుకున్నా నోరు ఊరుకోదు. ఆమె చీరకొంగు బొడ్లో దోపి గొంతు చించుకుని అరిచింది.

"పట్టండ్రా వల!"

"ఐలెస్సా!" వార్డు దద్దరిల్లింది.

"బలంగ లాగు!"

"ఐలెస్సా!"

గంగులు లేచి కూర్చుని రెండు చేతులతో లేని తాడు లాగుతున్నాడు. సెలైన్ స్టాండ్లు ఊగుతున్నాయి. ధనరాజుగారి పెన్ను కింద పడింది.

ముప్పై ఒకటో మంచం మాత్రం పలకలేదు. దాని మీదున్నది జోగయ్య. ఒడ్డున రోజూ పాట ఎత్తేది అతనే!

యమున పరుగెత్తింది. జోగయ్య ఒళ్ళు చల్లబడి చెమటకి తడిసి ముద్దయింది. షుగరు మనిషి. పొద్దున్న ఇన్సులిన్ చేయించుకున్నాడు, ఇడ్లీలు మాత్రం పళ్ళెంలో అలాగే ఉన్నాయి. వేలు గుచ్చి చూస్తే షుగరు ముప్పై రెండుకి పడిపోయింది.

"సిన్నతల్లీ, డాక్టరుగార్ని పిలుసుకురా, పరుగెత్తు!"

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో డాక్టరు రాసిపెట్టిన కాగితం గోడకే ఉంది. ఆ ప్రకారం గ్లూకోజు నరంలోకి ఎక్కించింది. అందరూ లేని తాళ్ళు వదిలేసి అటే చూస్తున్నారు.

జోగయ్య మెల్లగా కళ్ళు తెరిచాడు. "ఐలెస్సా," అన్నాడు నీరసంగా. "వల ఒడ్డుకొచ్చినాదేటి?"

యమున భోరుమని ఏడ్చేసింది.

"చూశారు కదా సార్! ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదు. ఒక్కదాన్నే సార్, నా వల్ల కావట్లేదు."

ధనరాజుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కళ్ళారా చూశానమ్మా. ఊరికే వదలను. రేపే ఆర్డరు పంపిస్తాను."

ఆ సాయంత్రం యమున ఖాళీ కుర్చీ దుమ్ము దులిపి తన కుర్చీ పక్కన వేసుకుంది. చాన్నాళ్ళకి కడుపునిండా అన్నం తింది.

మర్నాడు ఆర్డరు వచ్చింది. యమున చదివి అదే కుర్చీలో కూలబడింది.

"ఏటమ్మా, రెండో సిస్టరు ఎప్పుడొస్తాది?" చిన్నతల్లి ఆత్రంగా అడిగింది.

యమున కాగితాన్ని మళ్ళీ మొదటినుంచి పైకి చదివింది.

"ఒక్క నర్సుతో నలభై మంచాలు నడుపు విధానమును జిల్లాలోని తక్కిన ఆసుపత్రులకు నేర్పుటకై యమునగారిని మూడు నెలలు డిప్యుటేషన్‌పై పంపడమైనది, అంతవరకు ఈ వార్డులో పాట ఎత్తు బాధ్యత ముప్పై ఒకటో మంచం జోగయ్యకు అప్పగించడమైనది."