ఇద్దరికే తెలిసిన గోడ

మున్సిపాలిటీ ఇంజినీరు మెట్లు దిగి నేలమాళిగలోని బారులోకి వచ్చాడు. అటూ ఇటూ చూడలేదు. తిన్నగా సీసాల అలమర దగ్గరికి నడిచి, "దీన్ని పక్కకు జరపండి," అన్నాడు.

బారు యజమాని అలమరకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. అలమర వెనక గోడ పగిలి ఉంది. ఆ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకడు తను. రెండోవాడు తాపీమేస్త్రి.

జరపక తప్పలేదు. ఇంజినీరు అరచెయ్యి పగుల్లోకి సులువుగా దూరింది. సామాను తీసేసుకోండి, రేపొచ్చి తాళం వేస్తామని చెప్పి వెళ్లిపోయాడు.

తాత కాలంలో ఆ నేలమాళిగ ఉప్పు కొట్టు. రేవు మూతపడ్డాక నాన్న అందులో పడవల ఇంజన్లు బాగుచేశాడు. పడవలూ తగ్గాక ఇతను బారు పెట్టాడు. మొదట్లో జాలర్లు వచ్చేవాళ్లు, బల్లలన్నీ చేపల కంపు. తర్వాత సముద్రం చూడ్డానికొచ్చే పట్నంవాళ్లు మరిగారు. వాళ్లకు రంగు దీపాలు కావాలి, పాటలు కావాలి, గంతులెయ్యడానికి చోటు కావాలి. ఆ చోటుకు అడ్డంగా నట్టనడుమ ఓ స్తంభం.

"అది తీస్తే పైనున్న మీ ఇల్లు కిందకొస్తుందిరా," అన్నాడు మేస్త్రి. ఇతను వింటేగా! చిన్ననాటి స్నేహం. కాదనలేక మేస్త్రే దాన్ని కొట్టేశాడు. భార్య పాత చీరలు తెచ్చి సీసాల మీద దుమ్ము పడకుండా కప్పింది. ఏడాది తిరక్కుండానే గోడ విచ్చింది. స్నేహితులిద్దరూ గుట్టుగా అలమర అడ్డం పెట్టి, మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు ఊసెత్తినవాడెవడో వేరే చెప్పాలా? ఇతను చెప్పులేసుకుని మేస్త్రి దగ్గరికి బయల్దేరాడు.

"పోనివ్వండి. అతన్నేమీ అనకండి," అంది భార్య. ఆమె వరసా ఈమధ్య అలాగే ఉంది. బారులోకి దిగడమే మానేసింది. పైగది ఉక్కగా ఉందంటూ కూతుర్ని రోజూ పక్కవీధిలోని పుట్టింటికి పంపి పడుకోబెడుతోంది. మొగుడి బాధ ఎవరికి పట్టింది?

మేస్త్రి ఎవరిదో ప్రహరీ కడుతున్నాడు. ఇతను నలుగురిలోనూ కడిగేశాడు. తన ఇంట్లో తిని, తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడన్నాడు. మూడు తరాల జాగాను మట్టిలో కలిపాడన్నాడు. మేస్త్రి తాపీ కింద పెట్టి, ఇంట్లో అందరూ కులాసాయేనా అని అడిగాడు. దాంతో ఇతనికి ఒళ్లు మండిపోయింది.

"చెప్పింది నువ్వా, కాదా?"

మేస్త్రి కాసేపు ఆలోచించాడు. "నేనే అనుకోరా," అన్నాడు.

ఇక తన గడప తొక్కొద్దని చెప్పి ఇతను వెనక్కి తిరిగాడు. దారంతా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. పరాయివాడు దెబ్బకొడితే తిరిగి కొట్టొచ్చు. అయినవాడు కొడితే ఎవరితో చెప్పుకోవాలి?

మర్నాడు బారుకు తాళం పడింది. ఇతను మెట్ల మీద కూలబడ్డాడు. భార్య వచ్చి భుజం మీద చెయ్యేసింది. ఆ చెయ్యి పట్టుకుని, తనకింక నమ్మదగ్గ మనిషి ఈమె ఒక్కతే అనుకున్నాడు.

వెళ్లబోతున్న ఇంజినీరు ఆగి, ఆమెకు నమస్కారం పెట్టి, "మీరు చెప్పిన అలమర వెనకే ఉందమ్మా పగులు," అన్నాడు.