గౌరి గది

"అమ్మా, లోపల ఆవు దగ్గుతాండాది."

గేటు బయట నిలబడి ముసలాయన అన్నాడు. భుజం మీద తడిసిన తువ్వాలు. చెప్పుల్లేని కాళ్లకు బురద.

వరండాలో కూర్చున్న శాంతకుమారి లేవలేదు.

"దగ్గుతాండాదని మాకూ తెలుసు. నీకేం కావల్ల?"

"కుప్పం నుంచి వస్తాండానమ్మా. ఒక్కసారి సూసి పోతా."

ఆమెకు ఒళ్లు మండింది. పుంగనూరు ఆవు అనగానే రోజుకు నలుగురు చూస్తామని వస్తున్నారు. ఎవరి కళ్లు పడ్డాయో ఏమో, నాలుగు రోజులుగా గౌరి మేత ముట్టడం లేదు.

శాంతకుమారి భర్త మునిరత్నం మదనపల్లెలో టమాటా మండీ నడుపుతాడు. భార్య ముచ్చటపడిందని రెండు నెలల కిందట పుంగనూరులో నాగరాజు అనే దళారి దగ్గర గౌరిని కొన్నాడు. నడుమెత్తు కూడా లేని ఆవు. కింది పడగ్గదిలో టైల్స్ మీద రబ్బరు పట్టా పరిచి కట్టేశారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ దాని పక్కన నిలబడి ఫోటో దిగారు.

పలుపు చేతిలో పెడుతూ నాగరాజు ఒక మాట చెప్పాడు.

"ఈ పలుపు మార్సొద్దండమ్మా. సాకినాయన మేకబొచ్చుతో పేనినాడు. ఇది మెడలో ఉంటే ఆవు బెదరదు."

"ఆయన రాలేదే?"

"పలుపు ఇచ్చేసినాడు గదా. ఇంక ఆ ఆవు నాదని నోటితో అనకూడదు. ఆవుల్ని సాకేవాళ్ల కట్టుబాటు అది."

శాంతకుమారి అప్పుడు నవ్వింది.

వానలు పట్టాక గది గోడలు చెమ్మగిల్లాయి. గౌరికి దగ్గు మొదలైంది. చెమ్మ వల్లేనని ఇంట్లోనే తేల్చేసి, మునిరత్నం బెంగళూరు నుంచి తేమ లాగే మిషన్ తెప్పించాడు. ఆ గదికి రోజుకు పన్నెండు లీటర్లు లాగేది చాలన్నాడు షాపువాడు. ఈయన ఇరవై లీటర్లదే కావాలన్నాడు.

తలుపులు, కిటికీలు మూసి వాడాలని దాని కాగితంలో ఉంది. ఆ కాగితం మనుషుల పడగ్గదికి రాసింది. ఆ తేడా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. శాంతకుమారి కిటికీ సందులకు టేపు కూడా అంటించింది. మిషన్ మీద తేమ అంకె ఎనభై నుంచి యాభైకి దిగింది. గోడలు ఆరాయి. దగ్గు మాత్రం పెరిగింది.

"తలుపు తీయండమ్మా. గాలి ఆడాల," అన్నాడు ముసలాయన.

"తలుపు తీస్తే మిషన్ పని సేయదు."

"మిషన్ ఆపేయండి."

"బెంగళూరు నుంచి తెప్పించింది నువ్వు సెప్తే ఆపేదానికా?"

లోపల గౌరి అంబా అని అరిచింది. నాలుగు రోజుల్లో అది గొంతు విప్పడం అదే మొదలు.

"సూడు, నీ గొంతుకే బెదురుతాండాది. పో."

ముసలాయన గేటు కమ్మీ వదల్లేదు.

"రవ్వన్ని నీళ్లన్నా ఇప్పించండమ్మా."

మిషన్లోంచి తీసిన నీళ్ల తొట్టి వరండాలోనే ఉంది. వంటింటి దాకా నడవడం ఆమెకు దండగనిపించింది. ఆ నీళ్లే చెంబులో పోసి గేటు సందులోంచి ఇచ్చింది.

"తాగు. గాల్లోంచి దిగిన నీళ్లు. కుళాయి నీళ్ల కంటే శుద్ధం."

ఆయన నోటిదాకా తీసుకుపోయి ఆగాడు. వాసన చూసి కింద పారబోశాడు.

"పంచితం వాసనొస్తాందమ్మా. నీళ్లలోనే ఇంత ఘాటుంటే, ఆ గదిలో అదెట్ల ఊపిరి తీస్తాదో సూడండి."

"ఇచ్చిన నీళ్లు పారబోసి నాకే బుద్ధి సెప్తావా?"

చెంబు లాక్కుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ముసలాయన ఎదురుగా ఉన్న టీ బంకు పక్కన కూర్చున్నాడు. వాన పెరిగినా లేవలేదు.

మధ్యాహ్నానికి గౌరి పడిపోయింది. మునిరత్నం మండీ నుంచి పశువుల డాక్టరును వెంటబెట్టుకొచ్చేసరికి ప్రాణం పోయింది.

డాక్టరు గది తలుపు తీసి ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు.

"కండ్లు మండుతాండాయి సార్. ఆవు మూత్రం ఘాటంతా లోపలే నిలిచిపోయింది. మిషన్ తేమను లాగుతాది గానీ ఈ గాలిని మార్సదు. పొద్దున తలుపు తీసుంటే బతికేది."

శాంతకుమారి కిటికీకి తను అంటించిన టేపు వైపు చూసింది. తప్పు ఎవరిదో ఆమెకు తెలిసింది. మిషన్ ఇంకా తిరుగుతూనే ఉంది. అంకె యాభై దగ్గరే ఉంది.

ఇంటి వెనక ఖాళీ స్థలంలో గుంత తీయాలి. ఆ వానలో కూలివాళ్లెవరూ దొరకలేదు. మునిరత్నం టీ బంకు వైపు చూసి చప్పట్లు కొట్టాడు.

"ఓ పెద్దాయనా, గుంత తవ్వేదానికి వస్తావా? కూలి ఇస్తాం."

ముసలాయన వచ్చాడు. ఎంతిస్తారని అడగలేదు. పార తీసుకుని సాయంత్రం దాకా తవ్వాడు. పక్కింటివాళ్ల సాయంతో ఆవును దించుతుంటే తనే గుంతలోకి దిగి, దాని తలను రెండు చేతుల్లోకి తీసుకుని మెల్లగా మట్టి మీద పెట్టాడు. మెడలోంచి పలుపు విప్పాడు.

గుంత పూడ్చాక మునిరత్నం డబ్బు తీసి ఇవ్వబోయాడు. ఆయన తీసుకోలేదు.

"ఈ పలుపు తీసకపోతానమ్మా."

"ఆ పాత తాడు నీకు యాలప్పా?" అంది శాంతకుమారి.

ఆయన దాన్ని అరచేతికి చుట్టుకుంటూ చెప్పాడు.

"ఆవు నాదని అనకూడదమ్మా. పలుపు నేను పేనింది."