ఇంటికెవులొస్తారు?

మలేషియాలోని బాగన్ దాతుక్ తెలుగు సంఘం హాల్లో నాటకం రిహార్సల్ అయిపోయింది. పదిహేడో శతాబ్దపు లండన్ పార్లమెంటులో ఒక రోజు కథ అది. పొద్దున్నే ప్రార్థన, ఆపైన రాజుగారి పన్నుల మీద రభస, చీకటిపడ్డాక కొవ్వొత్తులు తేవాలా వద్దా అని ఓట్లు. చివర్లో ద్వారపాలకుడు "ఇంటికెవులొస్తారు?" అని కేకెయ్యాలి. దారిలో దొంగల భయానికి సభ్యులు గుంపుగా వెళ్లేవారట.

ఆ వేషం ఎప్పుడూ తాతబాబుదే. నాటకం రాసిందీ ఆయనే. రిహార్సల్ అయ్యాక కూడా అలాగే కేకేసి, మోటారుసైకిళ్లన్నిటినీ ఒక్క గుంపుగా పామాయిలు తోట దాటించేవాడు. పోయినేడు ఆ కేకకు ఎవరూ పలకలేదు. అందరూ కార్లలో వచ్చారు. భార్య కూర్మమ్మ జ్వరంతో ఇంట్లో ఉండిపోయింది. ఆయన ఒక్కడే బయల్దేరి, తోట మలుపులో లారీ కింద పడి చనిపోయాడు.

ఈసారి ఆ వేషం ఎవరూ కట్టలేదు.

"భారతీ, నువ్వు కార్లో కూసో లా. నాను తాళమేసి వస్తాను," అని కూర్మమ్మ మనవరాలిని ముందుకు పంపేసింది.

లైట్లు ఆర్పింది. బయట కప్పల మోత ఉన్నట్టుండి ఆగిపోయింది. వెనక గుమ్మం అవతల మోటారుసైకిల్ ఆగిన చప్పుడు. ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఇంటికెవులొస్తారు?"

ఏడాదిగా ఆ గొంతు కోసమే చెవులు రిక్కించి పడుకుంటోంది కూర్మమ్మ. తాళంకప్ప కిందపెట్టి, వెనక తలుపు గడియ తీసింది.

"నానొస్తన్నాను. ఈసారి ఒక్కరే ఎల్లిపోకండి."